గులాబీ ముల్లు విప్పిన గుట్టు
జబ్బుతో పోరాడేది కణాలా.. రక్తంలోని రసమా? పాతికేళ్ల తగవులో నిలబడ్డ మెచ్నికాఫ్ కథ

మన బళ్లారి, రాయచూరు పల్లెల్లో కాలికి ముల్లు దిగని మనిషి ఉండడు. సర్కారు తుమ్మకి కన్నడంలో బళ్లారి జాలి అని మన ఊరి పేరే తగిలించారంటే ఇక్కడ ముళ్లకు ఏం కొదవ? ముల్లు విరిగి లోపలే ఉండిపోతే మర్నాటికి వాస్తుంది. రెండు మూడు రోజుల్లో తెల్లగా చీము పడుతుంది. ఇంట్లో పెద్దవాళ్లు పిన్నీసుతో కెలికి, ముల్లు తీసి, పసుపు అద్ది పంపేస్తారు. ఆ చీము ఏంటి, ఎక్కణ్నుంచి వచ్చిందని ఎవరూ అడగరు.

అడిగినాయన ఒకరున్నారు. పేరు ఇల్యా మెచ్నికాఫ్. 1882లో ఇటలీ సముద్రపు ఒడ్డున కూర్చుని అడిగారు. ఆ ప్రశ్నే ఆయనకు 1908లో నోబెల్ బహుమతి తెచ్చిపెట్టింది. మధ్యలో పాతికేళ్లు యూరప్ శాస్త్రవేత్తలతో పెద్ద తగవే నడిచింది.

ఆ పాత తగవుతో మనకేం పని అంటారా? కొవిడ్ రోజులు గుర్తు తెచ్చుకోండి. 2021లో టీకా వేయించుకున్నవాళ్లు, జబ్బుపడి లేచినవాళ్లు చాలామంది యాంటీబాడీ టెస్టులకు పరుగెత్తారు. కాగితం మీద అంకె పెద్దదైతే సంబరం. చిన్నదైతే దిగులు. చిన్న అంకె వచ్చినవాళ్లు టీకా వృథా అయిందనుకున్నారు. పెద్ద అంకె వచ్చినవాళ్లు మాస్కు తీసేసి పెళ్లిళ్లకు వెళ్లారు. ఇద్దరూ పొరబడ్డారు. ఎక్కడ పొరబడ్డారో తెలియాలంటే ఈ పెద్దాయన జీవితంలోకి ఒకసారి వెళ్లి రావాలి.

రెండేళ్లలో చదువు పూర్తి

మెచ్నికాఫ్ 1845 మేలో పుట్టారు. ఇప్పటి ఉక్రెయిన్‌లో ఖార్కివ్ దగ్గర ఒక పల్లె. అప్పుడది రష్యా చక్రవర్తి ఏలుబడి. తండ్రి సైన్యంలో అధికారి. తల్లి ఎమీలియాది యూదు కుటుంబం. అయిదుగురు పిల్లల్లో ఈయనే ఆఖరివాడు. చిన్నప్పటి నుంచీ పురుగూ పుట్రా, చెట్టూ చేమా.. ఇదే పిచ్చి. ఖార్కివ్ యూనివర్సిటీలో నాలుగేళ్ల చదువుని రెండేళ్లలో ముగించేశారు. అక్కణ్నుంచి జర్మనీ, ఇటలీ తిరిగి సముద్ర జీవుల మీద పనిచేశారు. తర్వాత నల్ల సముద్రం ఒడ్డునున్న ఒడెస్సా యూనివర్సిటీలో పాఠాలు చెప్పారు.

ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. ఈయన డాక్టరు కాదు. జంతుశాస్త్రం మనిషి. తర్వాత డాక్టర్లు ఈయన్ని దెప్పడానికి అదొక సాకు అయింది. నిజానికి డాక్టర్లు చూడలేనిది ఈయన చూడగలగడానికి కారణం కూడా అదే.

కష్టాల మీద కష్టాలు

సంసారం మాత్రం అచ్చిరాలేదు. 1869లో లుద్మీలా అనే అమ్మాయిని పెళ్లి చేసుకున్నారు. అప్పటికే ఆమెకు క్షయ. పెళ్లినాడు నడిచే ఓపిక లేక కుర్చీలో కూర్చోబెట్టి చర్చికి మోసుకెళ్లారు. నాలుగేళ్లు ఆమెను బతికించుకోవడానికి ఎండ తగిలే ఊళ్లన్నీ తిప్పారు. దక్కలేదు. 1873లో మదీరా దీవిలో ఆమె కన్నుమూశారు. ఆ దుఃఖంలో మెచ్నికాఫ్ ప్రాణం తీసుకోబోయి బయటపడ్డారు. దీపం చుట్టూ ముసిరే పురుగుల్ని చూసి, ఇంత చిన్న బతుకు బతికే ఇవి ప్రకృతిలో ఎలా నెగ్గుకొస్తున్నాయో అనే ఆలోచనలో పడ్డారట. ఆ ఆలోచనే మళ్లీ పనిలోకి లాగింది.

1875లో ఓల్గాను పెళ్లాడారు. ఈమె చిత్రకారిణి. లేబొరేటరీ పనిలోనూ తోడు నిలిచారు. తర్వాత భర్త జీవితచరిత్ర రాసింది కూడా ఈమే. ఓల్గాకు టైఫాయిడ్ వచ్చి గండం గడిచిన కొద్దికాలానికే, మెచ్నికాఫ్ తనకు తాను ఒక రకం విషజ్వరం రోగి రక్తం ఎక్కించుకున్నారు. ఆ జ్వరం రక్తం ద్వారా అంటుతుందా లేదా తేల్చడం ఒక ఉద్దేశం. మనసు విరిగి ఉండటం రెండోది. చావు అంచుదాకా వెళ్లి వచ్చారు. అదే 1881లో రష్యా చక్రవర్తి హత్యకు గురయ్యారు. యూనివర్సిటీల్లో రాజకీయాలు ముదిరాయి. 1882లో ఉద్యోగానికి దండం పెట్టి, ఓల్గాతో, ఆమె తోబుట్టువులతో ఇటలీలోని సిసిలీ దీవికి వెళ్లిపోయారు. ఊరి పేరు మెస్సీనా.

ఇంట్లోవాళ్లు సర్కస్‌కి.. ఆయన మైక్రోస్కోపు ముందు

1882 డిసెంబరు. ఇంట్లోవాళ్లంతా కోతుల ఆట చూడటానికి సర్కస్‌కి వెళ్లారు. మెచ్నికాఫ్ ఒక్కరే ఉన్నారు. ఎదురుగా మైక్రోస్కోపు. కింద నక్షత్రచేప పిల్ల. అది అద్దంలా ఉంటుంది, ఒంట్లో జరిగేదంతా బయటకు కనిపిస్తుంది. లోపల కొన్ని కణాలు అటూ ఇటూ పాకుతున్నాయి. ఉన్నట్టుండి ఆయనకు తట్టింది.. ఇవి తిండి కోసమే తిరగడం లేదేమో, బయటి నుంచి శత్రువు వస్తే అడ్డుకోవడానికీ ఇవేనేమో!

నిజమైతే, ఒంట్లో ముల్లు గుచ్చితే ఈ కణాలు దాని చుట్టూ మూగాలి. ఇంటి తోటలోకి వెళ్లి గులాబీ ముళ్లు తెచ్చారు. నక్షత్రచేప పిల్ల చర్మం కింద గుచ్చారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారి చూస్తే ముల్లు చుట్టూ కణాల గుంపు!

అప్పటిదాకా డాక్టర్ల లెక్క వేరు. చీములో తెల్ల కణాలుంటాయని తెలుసు. వాటిలో సూక్ష్మజీవులు కనిపిస్తాయనీ తెలుసు. అయితే సూక్ష్మజీవులే ఆ కణాల్లో దూరి, వాటి మీద ఎక్కి ఒళ్లంతా పాకుతాయని చాలామంది అనుకునేవాళ్లు. మెచ్నికాఫ్ దాన్ని తిరగేశారు. దూరలేదు, ఇవే మింగాయన్నారు. అంటే వాపు, చీము జబ్బు కాదు, జబ్బు మీద ఒళ్లు చేసే యుద్ధం. ఆ కణాలకు తినే కణాలు అనే అర్థంలో ఫాగోసైట్లు అని గ్రీకు పేరు పెట్టారు. పేరు సూచించింది వియన్నాలో క్లాస్ అనే ప్రొఫెసరు.

తర్వాత చెరువు నీళ్లలో గెంతే డాఫ్నియా అనే చిన్న పురుగు మీద చూశారు. దాని ఒంట్లోకి సూదుల్లాంటి శిలీంధ్ర బీజాలు దిగుతాయి. కణాలు వాటిని చుట్టేసి అరిగించుకుంటే పురుగు బతికింది. బీజాలదే పైచేయి అయితే చచ్చింది. రోగం అంటే రెండు జీవుల పోరు అని కళ్లారా చూసి 1884లో ప్రకటించారు.

ఒడెస్సా నుంచి పారిస్‌కి

1885లో పారిస్‌లో లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కాటుకు టీకా వేసి పేరు తెచ్చుకున్నారు. మర్నాటి ఏడు ఒడెస్సాలోనూ టీకా కేంద్రం పెట్టి మెచ్నికాఫ్‌ను డైరెక్టరు చేశారు. స్థానిక డాక్టర్లకు గిట్టలేదు. ఆయన ఊళ్లో లేనప్పుడు గొర్రెలకు వేసిన ఆంత్రాక్స్ టీకా వికటించింది. గొర్రెలు చచ్చాయి. ఇక అక్కడ ఉండలేకపోయారు. 1888లో పారిస్ వెళ్లారు. అప్పుడే తెరుస్తున్న తన ఇన్‌స్టిట్యూట్‌లో పాశ్చర్ ఆయనకు లేబొరేటరీ ఇచ్చారు. మిగిలిన 28 ఏళ్లూ అక్కడే.

ఇక్కడ మన వైపు తగిలే ముడి ఒకటుంది. ఒడెస్సాలో మెచ్నికాఫ్ దగ్గర చదువుకున్న కుర్రాడే వాల్డెమార్ హాఫ్‌కిన్. గురువు వెనకే పారిస్ వెళ్లి, 1892లో కలరా టీకా చేసి ముందు తనకే వేసుకున్నారు. 1893లో మన దేశం వచ్చారు. 1897 జనవరిలో బొంబాయిలో ప్లేగు టీకా తయారుచేసి, అదీ తన ఒంటి మీదే పరీక్షించుకున్నారు. 1898లో ప్లేగు హుబ్బళ్లి, బెంగళూరులను ఊపేసినప్పుడు హుబ్బళ్లిలో జనానికి పెద్దఎత్తున వేసింది ఈ టీకానే. ఆ కాలపు భయానికి గుర్తుగా కోయంబత్తూరులో ప్లేగు మారియమ్మ గుళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఆ గుళ్ల మీదుగా వెళ్లే మన తెలుగువాళ్లలో, ఆ టీకా వెనక ఒడెస్సా గురుశిష్యులున్నారని తెలిసినవాళ్లు తక్కువ.

బెర్లిన్ దెబ్బ

పారిస్‌లో మెచ్నికాఫ్ కుదురుకునేసరికి బెర్లిన్ నుంచి పెద్ద దెబ్బ తగిలింది. 1890 డిసెంబరులో బెరింగ్, జపాన్ నుంచి వచ్చిన కిటసాటో కలిసి ధనుర్వాతం, కంఠసర్పి మీద ఫలితాలు ప్రకటించారు. జబ్బును తట్టుకున్న జంతువు రక్తం తీసి, కణాలన్నీ వడకట్టేసి, మిగిలిన పలుచటి రసాన్ని.. అంటే సీరంని.. ఇంకో జంతువుకిస్తే దానికీ రక్షణ వచ్చింది. ఒక్క కణం కూడా లేదు. రసమే విషాన్ని విరిచేసింది. ఆ రసంలో ఉన్న పదార్థమే మనం ఇప్పుడు యాంటీబాడీ అంటున్నది.

జర్మన్లకు ఇంకేం కావాలి? రక్షణంతా రసంలోనే ఉంది, కణాలు చచ్చిన సూక్ష్మజీవుల్ని ఊడ్చే పాకీవాళ్లు మాత్రమే అని తేల్చేశారు. 1894లో ఫైఫర్ అనే ఆయన ఇంకో దెబ్బ వేశారు. టీకా వేసిన గినీపంది కడుపులోకి కలరా క్రిములు పంపిస్తే కణాల సాయం లేకుండానే కరిగిపోయాయని చూపించారు. మర్నాటి ఏడు మెచ్నికాఫ్ సొంత లేబొరేటరీలోనే కుర్ర శాస్త్రవేత్త జూల్ బోర్డె, సీరంలో క్రిముల్ని కరిగించే రెండు పదార్థాలు కలిసి పనిచేస్తాయని కనిపెట్టారు. గురువు వాదానికి శిష్యుడే గండి కొట్టినట్టయింది. మెచ్నికాఫ్ అతన్ని వెళ్లగొట్టలేదు. పని ఆపమనలేదు. బోర్డెకి తర్వాత నోబెల్ వచ్చింది.

అయితే పట్టు మాత్రం వదల్లేదు. మీటింగుల్లో జుట్టు చెరిగి, ముఖం ఎర్రబడి వాదించేవారు. అప్పటికి ఫ్రాన్స్, జర్మనీల మధ్య 1870 నాటి యుద్ధం పగ ఆరలేదు. పారిస్ అంటే కణాలు, బెర్లిన్ అంటే రసం.. సైన్సులోనూ సరిహద్దు గీత పడింది. గీతకి అటూ ఇటూ బతికే మనకి తెలుసు కదా, గీత అవతల మాట ఇవతల ఎంత ఆలస్యంగా చెవికెక్కుతుందో!

పచ్చడి ఉంటేనే ముద్ద దిగుతుంది

రాజీ లండన్ నుంచి వచ్చింది. 1903లో ఆల్మ్రోత్ రైట్, డగ్లస్ ఒక పరీక్ష చేశారు. తెల్ల కణాల్ని కడిగేసి ఉత్త క్రిములు ముందు పెడితే సరిగా తినలేదు. అదే క్రిముల్ని సీరంలో నానబెట్టి పెడితే ఆత్రంగా మింగేశాయి. సీరంలోని పదార్థం క్రిమికి పూతలా అంటుకుంటే కణానికి రుచి పుడుతుందన్నమాట. ముద్దకి పచ్చడి తగిలినట్టు! ఆ పదార్థానికి రైట్ పెట్టిన గ్రీకు పేరుకు కూడా తిండికి సిద్ధం చేయడమనే అర్థం వస్తుంది.

అంటే రసం లేనిదే కణం సరిగా తినదు. కణం లేనిదే రసం పని సగంలో ఆగుతుంది. ఇద్దరూ సగం సగం చెప్పారు. 1908లో నోబెల్ కమిటీ కూడా అదే తీర్పు ఇచ్చినట్టయింది. వైద్య బహుమతిని కణాల పక్షం మెచ్నికాఫ్‌కి, రసం పక్షం పాల్ ఎర్లిఖ్‌కి కలిపి ఇచ్చింది.

తీర్పు వచ్చింది గానీ తూకం కుదరలేదు. తర్వాత దాదాపు యాభై ఏళ్లు రసం పక్షానిదే రాజ్యం. కారణం సులువు. యాంటీబాడీని గాజు గొట్టంలో కొలవొచ్చు. కణాల పని కొలవడం కష్టం. కొలవగలిగిందే లెక్కలోకి వచ్చింది. 2021లో లేబొరేటరీ కాగితం చూసి మనం చేసిందీ ఇదే.

వైరస్ ముందు ఇద్దరూ

మెచ్నికాఫ్ చూసినవి ఎక్కువగా బాక్టీరియాలు, శిలీంధ్రాలు. వైరస్ మాట వేరు. అది సొంతంగా పెరగలేదు. మన కణంలో దూరి, కణం పనిముట్లతోనే పిల్లల్ని పెడుతుంది. ఇక్కడే యాంటీబాడీకి, కణానికి పని పంపకం తేటగా కనిపిస్తుంది.

మన చెక్‌పోస్టునే తీసుకోండి. రోడ్డు మీద వెళ్లే దొంగ సరుకుని చెక్‌పోస్టులో పట్టుకోవచ్చు. యాంటీబాడీ అలాంటిదే. రక్తంలో, గొంతులో, ముక్కులో బయట తిరిగే వైరస్‌ని పట్టి, కణంలో దూరనీయదు. సరుకు ఒకసారి ఇంట్లో చేరిందా, చెక్‌పోస్టు చేసేదేం లేదు. ఇంటింటికీ వెళ్లి సోదా చేసేవాళ్లు కావాలి. వాళ్లే టి కణాలు. వైరస్ దూరిన కణం లోపలి వైరస్ ముక్కల్ని తన ఒంటి మీద ప్రదర్శిస్తుంది. గుమ్మానికి ఎర్రగుడ్డ కట్టినట్టు. టి కణం ఆ గుర్తు చూసి ఆ కణాన్నే చంపేస్తుంది. ఈ గుర్తుపట్టే పద్ధతిని 1974లో ఆస్ట్రేలియాలో జింకర్‌నాగెల్, డోహర్టీ ఎలుకల్లో కనిపెట్టారు. 1996లో నోబెల్ అందుకున్నారు.

ఈ టి కణాలు మెచ్నికాఫ్ చూసిన మింగే కణాలు కావు. వేరే తెగ. మింగే కణాల కుటుంబంలోవి శత్రువుని తిని, దాని ముక్కల్ని టి కణాలకు చూపించి సమాచారం అందిస్తాయి. ఇంకో విశేషం.. యాంటీబాడీలు ఆకాశం నుంచి ఊడిపడవు. వాటిని తయారుచేసేది కూడా కణాలే. ప్లాస్మా కణాలే ఈ పని చేస్తాయని 1948లో స్వీడన్ శాస్త్రవేత్త ఆస్ట్రిడ్ ఫాగ్రాయస్ చూపించారు. అవి బి కణాల నుంచి పుడతాయి. ఆ బి కణాలకు బాగా పదునైన యాంటీబాడీలు తయారుచేసే సత్తా రావాలంటే సహాయక టి కణాలు పక్కనుండాలి. తగవులాడుకున్న రెండు పక్షాలూ ఒకే ఇంటివని తేలింది.

నమ్మకం కుదరకపోతే మూడు సంగతులు చూడండి.

ఒకటి. 1952లో అమెరికాలో బ్రూటన్ అనే డాక్టరు ఒంట్లో యాంటీబాడీలు తయారుకాని పిల్లాణ్ని గుర్తించారు. ఇలాంటి పిల్లలకి బాక్టీరియా జబ్బులు పదేపదే వస్తాయి. కానీ తట్టు పోస్తే చాలామంది మామూలు పిల్లల్లానే కోలుకుంటారు. యాంటీబాడీ లేకపోయినా కణాలు ఆ పని చేస్తున్నాయి. అదే టి కణాలు లేని పిల్లలకైతే తట్టు ప్రాణాంతకం.

రెండు. హెచ్ఐవీకి మామూలుగా చేసే రక్త పరీక్ష వెతికేది యాంటీబాడీల కోసమే. అంటే అవి ఒంట్లో ఉన్నాయి. అయినా మందులు వాడకపోతే జబ్బు ముదురుతుంది. వైరస్ కొట్టేది సహాయక టి కణాల్నే కాబట్టి.

మూడు. రేబిస్. పిచ్చికుక్క కరిస్తే వైరస్ నరంలోకి ఎక్కేలోపే యాంటీబాడీ పట్టుకోవాలి. ఎక్కి మెదడుకి చేరి లక్షణాలు మొదలైతే దాదాపు ఎవరూ బతకరు. టీకా వేసినా ఒంట్లో యాంటీబాడీ తయారవడానికి వారం పైనే పడుతుంది. అందుకే లోతు గాయమైతే టీకాతో పాటు తయారు యాంటీబాడీని, ఇమ్యునోగ్లోబ్యులిన్‌ని, గాయంలోనే ఎక్కిస్తారు. ఇక్కడ యాంటీబాడీదే పైచేయి. కుక్క కరిస్తే పసరు, మంత్రం అని తిరగకుండా పావుగంట సబ్బునీళ్లతో కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్లమనేది ఇందుకే.

కొవిడ్‌లోనూ ఇదే జరిగింది. టీకా తర్వాత కొన్ని నెలలకి యాంటీబాడీలు తగ్గాయి. 2021 చివర్లో వచ్చిన ఒమిక్రాన్ వాటిని చాలావరకు తప్పించుకుంది. జనానికి మళ్లీ జ్వరాలు వచ్చాయి. కానీ టి కణాలు కొత్త రకాన్నీ చాలావరకు గుర్తుపట్టాయి. టీకా వేసుకున్నవాళ్లలో జబ్బు ముదరడం తగ్గడానికి అదొక కారణం. 2003లో సార్స్ వచ్చి తగ్గినవాళ్లలో 17 ఏళ్ల తర్వాత కూడా దాన్ని గుర్తుంచుకున్న టి కణాలు కనిపించాయి. టీకా తర్వాత రక్షణ ఎంతుందో తేల్చడానికి యాంటీబాడీ టెస్టును నమ్ముకోవద్దని అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ 2021 మేలోనే హెచ్చరించింది. అంకె దండగ అని కాదు. అది సగం లెక్క.

పెరుగు తాత

మెచ్నికాఫ్ పేరు ఇంటింటికీ పాకింది మాత్రం కణాల వల్ల కాదు, పెరుగు వల్ల! ముసలితనం ఎందుకొస్తుందనే ప్రశ్న పట్టుకున్నారు. పెద్దపేగులో చెడ్డ సూక్ష్మజీవులు విషం చిమ్ముతాయనీ, పులిసిన పాలలోని క్రిములు వాటికి అడ్డుకట్ట వేస్తాయనీ నమ్మారు. బల్గేరియా పల్లెల్లో పెరుగు తినేవాళ్లు ఎక్కువ కాలం బతుకుతున్నారన్నది ఆయన ఆధారం. రోజూ పులిసిన పాలు తాగేవారు. యూరప్ జనం పెరుగు కోసం ఎగబడ్డారు. పెరుగన్నం, మజ్జిగ లేనిదే భోజనం ముగించని మనకిది నవ్వులాటగా ఉంటుంది గానీ, ఇవాళ మందుల షాపులో దొరికే ప్రోబయోటిక్స్‌కి మూలపురుషుడు ఆయనే. పెరుగుతో నూరేళ్లు వస్తాయన్న మాట మాత్రం రుజువు కాలేదు.

ఆయనకే రాలేదు. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. లేబొరేటరీ కుర్రాళ్లు యుద్ధానికి వెళ్లిపోయారు. గదులు ఖాళీ అయ్యాయి. పారిస్, బెర్లిన్ ఈసారి మాటలతో కాదు, ఫిరంగులతో కొట్టుకున్నాయి. ఆ బెంగతో గుండె జబ్బు ముదిరింది. 1916 జులైలో 71 ఏళ్ల వయసులో పోయారు. అస్థికల్ని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో ఉంచారు.

ఈసారి కాలిలో జాలి ముల్లు దిగి చీము పడితే ఒక్క క్షణం చూడండి. ఆ తెల్లటి చీములో మనకోసం పోరాడి చచ్చిపోయిన కణాలు కుప్పలుగా ఉంటాయి. వాటి పక్కనే పేరు తెలియని రసమూ ఉంటుంది. వాటిలో ఎవరు గొప్పో తేల్చడానికి పాతికేళ్లు కొట్టుకున్నారు. ముల్లు తగిలిన ఒళ్లు మాత్రం ఆ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు. ఇద్దర్నీ కలిపే పంపింది.